పొదిగిన పెట్టె

నేను థర్మాకోల్ పెట్టెను. మైలవరంలో ఒక డాబా మెట్ల కింద, ఎండిపోయిన పెయింటు డబ్బాల పక్కన పడి ఉన్నాను. చూసినవాళ్ళు చెత్త అనుకుంటారు. ఈ వీధిలో తిరిగిన బాతుల్లో చాలావాటికి మాత్రం పుట్టిల్లు నేనే.

నా తయారీ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సన్నటి పూసల్ని ఆవిరితో ఉబ్బించి అచ్చులో నింపితే నేనయ్యాను. నా ఒంట్లో నూటికి 98 వంతులు గాలే. అందుకే లోపలి చలినైనా వేడినైనా అంత తేలిగ్గా బయటికి పోనివ్వను. మొదట కైకలూరు చేపల్ని ఐసుముక్కలతో సహా మోశాను. చేపలు దించుకున్నాక నన్ను బజార్లోనే వదిలేశారు. ఈ ఇంటి అబ్బాయి తెచ్చి, నీచు వాసన పోయేదాకా కడిగి ఎండబెట్టాడు. గాలికి నాలుగు రంధ్రాలు పెట్టాడు. నలభై వాట్ల బల్బు, పాత కంప్యూటర్లోంచి తీసిన ఫ్యాను, థర్మోస్టాటు, అడుగున నీళ్ళ గిన్నె అమర్చాడు. బల్బు పాతరకం ఫిలమెంటు బల్బే కావాలి. ఎల్ఈడీ బల్బు వెలుగైతే ఇస్తుంది గానీ గుడ్డుకు సరిపడా వేడినివ్వదు.

బాతు తన గుడ్లు తాను పొదగదా అని అడుగుతారు. ఇక్కడి బాతులది ఖాకీ క్యాంప్‌బెల్ జాతి. దాన్ని ఇంగ్లండులో అడెల్ క్యాంప్‌బెల్ అనే ఆవిడ ఎక్కువ గుడ్లు పెట్టేలా రూపొందించింది. మంచి మేత ఉంటే ఈ బాతు ఏడాదికి 300 దాకా పెడుతుంది. అలా గుడ్ల కోసమే ఎంచుకుంటూ పోగా ఆ జాతిలో పొదుగు గుణం దాదాపు పోయింది. తెల్లవారేలోగా గుడ్డు పెట్టేసి నీళ్ళ దారి పడుతుంది. అందుకే ఈ ఇంటి మామ్మ పొదుగుకొచ్చిన కోడిపెట్టను బాతుగుడ్ల మీద కూర్చోబెట్టేది. కోడిగుడ్డుకు 21 రోజులు చాలు, బాతుగుడ్డుకు 28 కావాలి. ఎవరి బిడ్డల కోసమో ఆ అదనపు వారం కూడా అర్ధాకలితో కూర్చున్న పెట్టలంటే నాకు ఎంతో గౌరవం. నేను చేసింది వాటి పనే.

నా వంతుగా నేను 37.5 డిగ్రీల వేడి నిలిపాను. అబ్బాయి ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో ఒకవైపు గీత, రెండోవైపు సున్నా పెట్టి రోజుకు నాలుగైదుసార్లు తిప్పేవాడు. తల్లి బాతైతే మేతకు లేచి తడి ఈకలతో తిరిగొస్తుంది. దానికి బదులుగా రెండోవారం నుంచి రోజుకోసారి మూత తీసి, గుడ్లు కాస్త చల్లారాక గోరువెచ్చని నీళ్ళు చిలకరించేవాడు. ఏడో రాత్రి లైట్లార్పి సెల్‌ఫోను వెలుగు మీద గుడ్డు నిలబెట్టినప్పుడు ఎర్రటి నరాలు సాలెగూడులా అల్లుకుని కనిపించాయి. వాటి మధ్య ఒక చుక్క కదిలింది. చేపలు మోసిన నా ఒంట్లో ఆ కదలిక! 70 గ్రాముల గుడ్డు పొదుగు ముగిసేలోగా తొమ్మిది పది గ్రాముల నీటిని ఆవిరిగా వదులుకుంటుంది. అంతమేరా లోపలి గాలిగది పెరుగుతుంది. పిల్ల తొలి ఊపిరి తీసుకునేది ఆ గదిలోనే.

నా బాధంతా చివరి మూడు రోజుల గురించే. 25వ రోజు తర్వాత గుడ్డును తిప్పకూడదు. అప్పటిదాకా 55, 60 శాతం ఉన్న తేమను 70 దాటించాలి. పెంకుకు చిల్లు పెట్టాక పిల్ల ఒక్కోసారి రోజంతా, రెండు రోజులైనా ఆగుతుంది. పొరలోని రక్తం ఒంట్లోకి ఇంకాలి, మిగిలిన పచ్చసొన పొట్టలోకి పోవాలి. ఆ ఆగడాన్ని అబ్బాయి ఓర్చుకోలేకపోయాడు. ఇరుగుపొరుగును పిలిచి మాటిమాటికీ నా మూత తీశాడు. తీసిన ప్రతిసారీ తేమ పోయింది. లోపలి పొర ఎండి పిల్లల ఒంటికి అతుక్కుపోయింది. మామ్మ అరిచింది: "కోడిపెట్ట ఎప్పుడైనా లేచి నీకు చూపించిందట్రా? ముయ్యి మూత!" వినలేదు. ఒకదాన్ని గోటితో పెంకు ఒలిచి బయటికి లాగాడు. రక్తం కారింది. నా వేడిలోనే అది చల్లబడిపోయింది. "ఈ పెట్టె మంచిది కాదు" అన్నాడు. కరెంటు పోయిన రాత్రుల్లో పైన దుప్పటైనా కప్పకపోయినా, ఉన్న వేడిని పట్టుకుని గుడ్లను కాచింది నేనే. ఆ మాట ఎలా అనగలిగాడు?

బతికిన పిల్లల్ని మామ్మ గంప కింద పెట్టి సాకింది. పెట్టెలో పుట్టినవాటికి తల్లి ఈకల నూనె అంటదు. తొందరపడి నీళ్ళలో వదిలితే తడిసి, చలికి చచ్చిపోతాయి. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క బాతుపిల్లకు విషమని కూడా మామ్మకు తెలుసు.

ఆ తర్వాత గుడ్లను తనంతట తానే తిప్పే ప్లాస్టిక్ యంత్రం కొన్నారు. దాని మీద నాకు పగ లేదు. నా ఫ్యాను ఒకరోజు పీకారు, థర్మోస్టాటు ఇంకోరోజు. కొన్నాళ్ళు పాత చెప్పులు నాలో వేశారు. వరండా నుంచి అటక మీదికి, అటక నుంచి మెట్ల కిందికి వచ్చాను. చీమలు నా గోడల్లో దారులు తవ్వుకున్నాయి. పిల్లలు ఆటకి మూత మూల విరిచి పూసలు రాల్చారు. ఒక్కసారైనా ఎవరూ తుడవలేదు.

ఇప్పుడు నన్ను వాగులో పడేద్దామంటున్నారు. మైలవరం కొండల్లో పుట్టిన ఆ వాగు, బుడమేరు, కొల్లేరుదాకా పోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది ఆ నీళ్ళే. అందులో పడితే నేను కుళ్ళిపోను, కరిగిపోను. పూసపూసగా విడిపోతాను. మేత అనుకుని చేపలూ బాతులూ మింగుతాయి. బాతుల్ని పొదిగిన నేను బాతుల పొట్టలో అడ్డం పడాలా?

నా గోడలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. విరిగిన మూలకు టేపు వేసి, బల్బూ ఫ్యానూ థర్మోస్టాటూ మళ్ళీ పెట్టండి. మగబాతు ఉన్న మందలోంచి, పెట్టి వారం దాటని గుడ్లు తెచ్చి నాకివ్వండి. 25వ రోజు తర్వాత నా మూత ముట్టుకోకండి.