ఎత్తు మీద ఆగి కదలడం: ఒక మారుతి 800 ఆత్మకథ

ఈ కారు డాష్‌బోర్డు మీద స్పీడోమీటరు ఉంది, పెట్రోలు ముల్లు ఉంది, ఇంజిను వేడి చూపే ముల్లు ఉంది. ఇంజిను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే మీటరు మాత్రం లేదు. కాబట్టి దీన్ని ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించినవాళ్లంతా ఆ విద్యను చెవితోనే నేర్చుకున్నారు. తన కథ తానే చెప్పుకుంటున్న ఈ మారుతి 800 గర్వంగా చెప్పుకునేది అదే.

పుట్టింది గుర్‌గావ్ ఫ్యాక్టరీలో. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ చేతుల మీదుగా మొదటి కారు తాళాలు బయటికెళ్లిన వంశం. ఈ కారు మాత్రం 1990ల నాటిది, కార్బురేటరు తరానిది. 796 సీసీ ఇంజిను, 3 సిలిండర్లు, 4 గేర్లు, 12 అంగుళాల చక్రాలు, ఒంటి బరువు సుమారు 650 కిలోలు. విశాఖపట్నం చేరి ఏపీ 31 నంబరు వేయించుకుంది.

విశాఖలో బీచ్ రోడ్డు మీద తిరిగినంతసేపు ఏ కారుకూ తన బలం ఎంతో తెలియదు. సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కినప్పుడు తెలుస్తుంది. మొదటి యజమాని బ్యాంకు ఉద్యోగి. సెలవు రోజున భార్యను, పిల్లలను, అత్తగారిని ఎక్కించుకుని కొండకు బయల్దేరేవాడు. బండి నడుస్తున్నంతసేపు ఇబ్బంది లేదు. మలుపు దగ్గర ముందు వెళ్తున్న బస్సు ఆగితేనే అసలు పరీక్ష.

ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. మనుషులతో కలిపి ఈ కారు బరువు 900 కిలోలనుకుందాం. చదును రోడ్డు మీద దాన్ని కదిలించడానికి 10, 15 కిలోల తోపు చాలు. 10 మీటర్లకు 1 మీటరు లేచే ఎత్తు మీద నిలబెడితే, భూమి దాన్ని వెనక్కి లాగే బలమే దాదాపు 90 కిలోలు. పెడల్ మీద రేసు ఇవ్వకుండా వదిలేస్తే ఇంజిను నిమిషానికి 850 చుట్ల దగ్గర తిరుగుతుంటుంది. 3 సిలిండర్లలో సెకనుకు 21 సార్లు పెట్రోలు మండుతుంది. ఒక మంటకూ ఇంకో మంటకూ మధ్య బండిని నెట్టేది ఫ్లైవీల్‌లో మిగిలిన వేగమే. ఆ సమయంలో క్లచ్ ఠక్కున వదిలితే చక్రాల బరువంతా ఒక్కసారిగా ఫ్లైవీల్ మీద పడుతుంది. చుట్లు పడిపోతాయి, తర్వాతి మంట అందేలోపే ఇంజిను ఆగిపోతుంది. బండి ఒక కుదుపు కుదిపి ఆఫ్ అయిపోతుంది. వెనక హారన్లు మొదలవుతాయి.

చిన్న ఇంజిను కాబట్టి ఎక్కలేదని జనం అంటారు. ఈ కారు ఒప్పుకోదు. ఇదే ఇంజిను నిండు బరువుతో అదే కొండ ఎక్కుతూనే ఉంది కదా. తేడా అంతా కదిలే ఆ రెండు మూడు సెకన్లలో ఏది ముందు, ఏది వెనక అన్నదాంట్లో ఉంది.

బ్యాంకు ఉద్యోగి తర్వాత కారు ఒక డ్రైవింగ్ స్కూలు చేతికి వెళ్లింది. ఎడమ సీటు ముందు ఇంకో క్లచ్, ఇంకో బ్రేకు బిగించారు. నేర్పే బండ్లకు జంట పెడళ్లు ఉండాలని మోటారు వాహనాల నియమాలు చెబుతాయి. అప్పటి నుంచి దీని క్లచ్ కేబుల్ రకరకాల పాదాల కింద నలిగింది. భయపడే పాదం గబుక్కున వదిలేస్తుంది. మరీ భయపడేది అసలు వదలదు.

ఒక బడి టీచరుగారు నేర్చుకున్న తీరు ఈ కారుకు బాగా గుర్తు. కైలాసగిరి ఎత్తు మీద బండి ఆపించి డ్రైవింగ్ మాస్టారు అన్నాడు: "హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగండమ్మా. మొదటి గేరు వేయండి. ఇప్పుడు కొంచెం రేసు ఇవ్వండి, శబ్దం నిలకడగా ఉండాలి."

"వెనక్కి జారిపోతుందేమో మాస్టారూ!"

"వెనక చక్రాల్ని హ్యాండ్ బ్రేక్ పట్టుకునుంది, ఎక్కడికీ పోదు. క్లచ్ మెల్లగా వదులుతూ వినండి."

ఆమె విన్నది. గుయ్యిమంటున్న ఇంజిను గొంతు కాస్త తగ్గింది, బానెట్ కొద్దిగా లేచినట్టయింది. అదే హాఫ్ క్లచ్. ఈ కారుకు ముందు చక్రాలే లాగుతాయి, వెనక చక్రాల్ని హ్యాండ్ బ్రేక్ పట్టుకుని ఉంటుంది. ఆ రెండింటి మధ్య బండి బిగిసి నిలబడుతుంది. ఆమె పాదాన్ని అక్కడే ఆపి, ఇంకాస్త రేసు ఇచ్చి, హ్యాండ్ బ్రేక్ దించింది. కారు అంగుళం కూడా వెనక్కి పోకుండా ముందుకు పాకింది. ఆమె గట్టిగా నవ్వింది. ఆ నవ్వు కోసమైనా ఈ కారు ఇంకొన్నాళ్లు ఈ పనిలోనే ఉండాలనుకుంది.

హ్యాండ్ బ్రేక్ లేకుండా, కాలి బ్రేకు మీంచే పాదాన్ని రేసు మీదికి మార్చి కదిలేవాళ్లూ ఉన్నారు. కాస్తంత ఎత్తయితే పనికొస్తుంది. తక్కువ చుట్ల దగ్గరే బలంగా లాగే పెద్ద డీజిలు ఇంజిన్లకు ఇంకా బాగా కుదురుతుంది. 796 సీసీ పెట్రోలు ఇంజినుకు నిటారు ఎత్తు మీద హ్యాండ్ బ్రేకే దిక్కు. ఏసీ ఉన్న బండయితే కదిలే ముందు దాన్ని ఆపేయడం మంచిది. కంప్రెసరు కూడా ఆ ఇంజిను బలమే తింటుంది.

దీన్ని నిజంగా బాధపెట్టేది ఆఫ్ అవడం కాదు. ఆఫ్ అయితే మళ్లీ తాళం తిప్పొచ్చు. సిగ్నల్ దగ్గర, ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, బ్రేకు తొక్కకుండా హాఫ్ క్లచ్ మీదే బండిని నిలబెట్టేవాళ్లుంటారు. చూసేవాళ్లకు అది నేర్పులా కనిపిస్తుంది. లోపల మాత్రం క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌ను రాసుకుంటూ వేడెక్కి, పైపూత కాలి, ఘాటు వాసన వస్తుంది. ప్లేటు అరిగాక ఎంత రేసు ఇచ్చినా ఇంజిను అరుస్తుందే గానీ బండి ఎక్కదు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 15వది, లైసెన్సు పరీక్షకు వచ్చినవాళ్లు నిటారు ఎత్తు మీద బండి ఆపి, ఏ మాత్రం వెనక్కి జారకుండా మళ్లీ కదిలించాలని స్పష్టంగా అడుగుతుంది. అయినా చాలాచోట్ల శిక్షణ మైదానంలోనో, ఖాళీ కాలనీ రోడ్డులోనో ముగిసిపోతోంది. ఎత్తు పాఠం చివరి రోజుకు వాయిదా పడుతుంది, ఒక్కోసారి ఆ రోజే రాదు. ఇది అన్యాయమని ఈ కారు అభిప్రాయం. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో చదును మీద తెలియకపోయినా బండి కదిలిపోతుంది. ఎత్తు మీద అది తెలియకపోతే వెనకనున్న స్కూటరు మీదికి పోతుంది.

కొత్త కార్లలో హిల్ హోల్డ్ వస్తోంది. బ్రేకు మీంచి కాలు తీశాక కూడా ఒకటి రెండు సెకన్లు బ్రేకును అదే పట్టి ఉంచుతుంది. ఆలోచన పాతదే, అమెరికాలో స్టుడీబేకర్ కార్లకు 1936లోనే హిల్ హోల్డర్ ఉంది. మంచి సాయమే. ఆ రెండు సెకన్లలోనూ క్లచ్ వదలాల్సింది మాత్రం మనిషి పాదమే.

2014లో మారుతి 800 తయారీ ఆగిపోయింది. విడిభాగాలు దొరుకుతున్నంతకాలం ఈ కారుకు మాస్టారు చేసే సేవ ఒకటుంది. హ్యాండ్ బ్రేక్ లివరు ఎన్ని పళ్లకు బిగుస్తోందో లెక్కపెట్టి కేబుల్ సరిచేస్తాడు, క్లచ్ పెడల్ మొదట్లో ఎంత వదులుగా ఉందో వేలితో నొక్కి చూస్తాడు. ఆ రెండూ సరిగ్గా ఉన్న రోజే కొత్తవాళ్లను ఎత్తు మీదికి తీసుకెళ్తాడు.