గదిలో ఇద్దరు స్టేషన్ మాస్టర్లు

బిలాస్‌పూర్‌లో హౌరా వైపు బండెక్కితే, అకల్తరా దాటాక, జాంజ్‌గీర్ ఇంకా రాకముందే ఒక గీత దాటుతాం. అది కిటికీలోంచి కనపడదు. టీసీకి దానితో పని లేదు. 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం అది. మీర్జాపూర్ మీంచి దిగి, మా ఛత్తీస్‌గఢ్‌ని నిలువునా కోసుకుంటూ పోయి కాకినాడ దగ్గర సముద్రంలో దిగుతుంది. దేశంలో గోడ గడియారాలన్నీ దాని మాటే వినాలి. ఆ గీతకి ఇంత చేరువలో, అర్పా నదికి ఇవతల సర్కండాలో, మా ఇంటి వెనక గదిలో ఒకే బల్ల మీద కూర్చున్న రెండు పెట్టెలకి మాత్రం టైము కుదరదు. ఒకటి ఎనిమిది ట్రాకుల డిజిటల్ రికార్డరు, రెండోది మేనల్లుడి ల్యాప్‌టాప్.

రికార్డరు సెకండ్‌హ్యాండ్ సరుకు. రాయపూర్‌లో ఆర్కెస్ట్రా ఎత్తేసిన ఒకాయన దగ్గర కొన్నాను. మా వాళ్ళ భజనలు రికార్డు చేసి దాచాలని సంకల్పం. మావన్నీ బి.ఎన్.ఆర్. కుటుంబాలు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉద్యోగాలకి వస్తూ ట్రంకు పెట్టె, ఆవకాయ జాడీ, భజన పుస్తకం తెచ్చుకున్నారు. ట్రంకు తుప్పు పట్టింది. భజన మాత్రం ఇప్పటికీ శనివారం శనివారం మోగుతూనే ఉంది, కాకపోతే పిల్లలు పాటలు హిందీ అక్షరాల్లో రాసుకుంటారు.

రికార్డింగు రోజు హాల్లో గొంతులకి, హార్మోనియానికి, డోలక్‌కి ఎనిమిది ట్రాకులూ చెల్లిపోయాయి. చిడతలు మిగిలాయి. చిడతలు లేని భజన ఏం భజన? మేనల్లుడు "నేనున్నాగా మావయ్యా" అని ల్యాప్‌టాప్ తెరిచి, వాటికి విడిగా ఒక మైకు పెట్టాడు. నలభై నిమిషాలు నిరాటంకంగా సాగింది. మధ్యలో కోర్బా బొగ్గు రైలు హారన్ ఒకటి అడక్కుండానే ఎనిమిది ట్రాకుల్లోనూ ఎక్కిందనుకోండి. ఈ ఊళ్ళో దాన్ని చప్పుడు కింద ఎవరూ లెక్కేయరు.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు భజన. ఆ పాత రికార్డరులోంచి డిజిటల్ దారి ఒకేసారి రెండు ట్రాకులకే. ఎనిమిదీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కాలంటే నాలుగు విడతలు కూర్చుని నలభై నిమిషాలూ వినాలి. పుణ్యానికి పుణ్యం అనుకుని విన్నాం. తీరా వేసి చూస్తే, ముఖ్య గాయకుడైన మా పెద్దమావయ్య, డెబ్భై దాటిన మనిషి, ముప్పై ఏళ్ళ కుర్రాడిలా పాడుతున్నాడు.

సంగతేమిటంటే, రికార్డరు సెకనుకి శబ్దాన్ని 44,100 సార్లు కొలుస్తుంది. సీడీల కాలం నాటి లెక్క అది. మేనల్లుడు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు, వీడియో వాళ్ళ లెక్క 48,000. మొదటి లెక్కన కొలిచినదాన్ని రెండో లెక్కన చదివితే పాట దాదాపు తొమ్మిది శాతం జోరందుకుంటుంది, శ్రుతి ఒకటిన్నర స్వరస్థానాల దాకా పైకి లేస్తుంది. ఒకటి శ్రుతిలో పాడిన మావయ్య ఒకటిన్నరకీ రెండుకీ మధ్య, హార్మోనియంలో మెట్టే లేని చోట తేలాడు. హార్మోనియం కూడా తనకి లేని మెట్టు మీదే మోగుతోంది. మావయ్య కళ్ళు మూసుకుని మొత్తం విని, "చిన్నప్పటి నా గొంతు ఇదేరా" అన్నాడు. నిజం చెప్పే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేకపోయింది.

లెక్క సరిచేశాం. మావయ్య గొంతు వయసుకి తిరిగొచ్చింది. ఈసారి చిడతల వంతు.

మొదటి పాట అద్భుతంగా ఉంది. పది నిమిషాలు గడిచేసరికి చిడతల చప్పుడు కాస్త మందమైనట్టు అనిపించింది. ముప్పై దగ్గర తేడా తెలిసిపోతోంది. మంగళహారతికి వచ్చేసరికి టక్ అన్నది కాస్తా టటక్ అయింది. అవతల గదిలో పేపరు చదువుతున్న నాన్న తలెత్తి, "ఏటిరా, సిడతలు ఇద్దరు వాయిస్తన్నారేటి?" అన్నాడు.

వాయించింది ఒక్కడే. ఆ చప్పుడు గొంతుల మైకుల్లోకీ దూరి రికార్డరులో పడింది, విడి మైకులోంచి ల్యాప్‌టాప్‌లోనూ పడింది. ఒక్కో పెట్టెలో ఒక్కో క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. రెండూ తమ లెక్క తప్పమనే ప్రమాణం చేస్తాయి, రెండూ నిజాయితీపరులే, కానీ ఒకదాని సెకను మరొకదాని సెకను కాదు. లక్షకి ఐదు తేడా చాలు. ఐదు నిమిషాల పాటలో అది 15 మిల్లీసెకన్లు, ఎవరికీ పట్టదు. నలభై నిమిషాలకి 120, అంటే దాదాపు సెకనులో ఎనిమిదో వంతు. అది ఏ చెవికైనా పట్టేస్తుంది.

నాన్న రిటైర్డ్ గార్డు. 2022లో రైల్వే వాళ్ళు గార్డుల్ని ట్రైన్ మేనేజర్లు చేసినా, ఆయన మాత్రం ఇంకా గార్డే. స్ఫటికాల సంగతి చెబితే ఒక్క ముక్కలో తేల్చేశాడు: "సింగిల్ లైను మీద ఇద్దరు మాస్టర్లు ఎవడి గడియారం వాడు సూసుకుని లైన్ క్లియర్ ఇస్తే ఏటవుద్ది? ఒకడు సెప్పాల, ఒకడు వినాల." ఆ ఊపులోనే మద్రాసు టైము కథ ఎత్తుకున్నాడు. ఊరికో టైము ఉన్న రోజుల్లో మన రైళ్ళు మద్రాసు టైము మీద నడిచేవి. 1906లో ఐఎస్టీ వచ్చింది, మద్రాసు కన్నా తొమ్మిది నిమిషాలు ముందు. అయినా కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ టైము వదల్లేదు. మహానగరాలే అంత మొండికేస్తే మేనల్లుడి ల్యాప్‌టాప్‌ని అనడానికేముంది?

పోనీ, పెద్దవాళ్ళు మాత్రం తక్కువ తిప్పలు పడ్డారా? 1967లో లండన్‌లో బీటిల్స్ పాట ఒకదానికి నాలుగు ట్రాకులు చాలకపోతే, కెన్ టౌన్‌సెండ్ అనే ఇంజనీరు రెండు మిషన్లని 50 హెర్ట్జ్ మోతతో జతకట్టాడు. మన ఇళ్ళలో పాత ఫ్యాన్ రెగ్యులేటరు గునిసేది కూడా కరెంటులోని ఆ 50 హెర్ట్జ్ వల్లే. ఒకసారి వేగం కలిసినా, రెండింటినీ ఒక్క క్షణంలో మొదలుపెట్టడం మాత్రం చేతి పనే.

ఎందుకంటే ఇక్కడ కలవాల్సినవి రెండు: ఎక్కడున్నామో, ఎంత జోరులో పోతున్నామో. మొదటిది మిడి టైమ్ కోడ్ చూసుకుంటుంది. 25 ఫ్రేముల లెక్కన సెకనుకి వందసార్లు "ఇక్కడున్నాం, ఇక్కడున్నాం" అని ఒక పెట్టె రెండోదానికి చెబుతూ ఉంటుంది. అది కిలోమీటరు రాయి మాత్రమే, జోరు సంగతి దానికి పట్టదు. జోరుకి డిజిటల్ తీగ వెంట వచ్చే క్లాక్ కావాలి. చాలామంది మొదటి తీగ తగిలించి సింక్ అయిపోయిందని చంకలు గుద్దుకుంటారు. ఇద్దరూ ఒకేసారి బయల్దేరతారు, నిజమే. తర్వాత ఎవరి దారి వారిదే.

మళ్ళీ శనివారం రెండు తీగలూ వేశాం. రికార్డరు చెప్పాలి, ల్యాప్‌టాప్ వినాలి. ల్యాప్‌టాప్ వినదు. సెట్టింగుల్లో "ఎక్స్‌టర్నల్" అని ఎంచిన మరుక్షణం, సొంత సౌండ్ కార్డు మీద మమకారంతో "ఇంటర్నల్"కి జారిపోతుంది. మేనల్లుడు దాన్ని బతిమాలుతున్నంతసేపూ దాని తెర మీద సింక్ చుక్క ఒకటి కొట్టుకుంటూనే ఉంది. చివరికి ఆ చుక్క నిలబడింది. భజన మొదలుపెట్టమని నేను చెయ్యి ఊపేసరికి డోలక్ ఆయన టీకి వెళ్ళాడు.

ఫలితం చక్కగా వచ్చింది. హారతిలో కూడా టక్ అంటే టక్కే. అందరూ మెచ్చుకున్నారు, ఒక్క మావయ్య తప్ప. ఆయనకి ఆ మొదటి కాపీయే కావాలట, పెన్‌డ్రైవ్‌లో, వైజాగ్‌లో ఉన్న వియ్యపురాలికి పంపడానికి. హార్మోనియం ఆయన ససేమిరా అంటున్నాడు: లేని మెట్టు మీద తను వాయించినట్టు ఊరంతా అనుకుంటే తన పరువేం కావాలని. వ్యవహారం సంఘం కమిటీకి వెళ్ళింది. ఆదివారం పదింటికి మీటింగు. మెంబర్లు పదకొండున్నరకి వస్తారు.