కనెక్షన్ అంకుల్

బొల్లారంలో ఎవరింట్లోనైనా అటక మీంచి పెద్ద పెట్టె దిగిందంటే చాలు, గుమ్మంలో కనెక్షన్ అంకుల్ ప్రత్యక్షం. ఆయన టెలిఫోన్ల శాఖలో రిటైరయ్యారు. ఆ రోజుల్లో జనం ఒక్క కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి కాచుకునేవారు. ఇప్పుడాయన అడక్కుండానే ఇంటికొచ్చి ఇస్తున్నారు: దుబాయ్‌ది, దోహాది, ఫ్రాంక్‌ఫర్ట్‌ది.

మొన్న పక్కింటి పిన్నిగారు కూతురి పురుటికి డాలస్ బయల్దేరారు. దోహాలో ఒకటి, షికాగోలో ఒకటి మారాలి. అంకుల్ కొక్కెం త్రాసుతో దిగారు.

"పెట్టెకి 23 కిలోలు చెల్లెమ్మా. ఇది 24న్నర. తియ్యి."

తీస్తే కరివేపాకు కట్ట బయటపడింది.

"పచ్చి కరివేపాకు అమెరికాలో అడుగు పెట్టనివ్వరు. ఆవకాయ పెద్ద పెట్టెలో సర్దు. చేతిసంచిలో పెట్టావో, శంషాబాద్‌లోనే దానికి వీడ్కోలు. దోహాలో ఏడు మీటర్ల పసుప్పచ్చ ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది, నెత్తి మీద దీపంతో. దాని పక్కన ఫొటోలు దిగుతూ కూర్చోకు. షికాగోలో పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ నువ్వే అప్పగించాలి. అదే అబుదాబి మీదుగా అయితే అమెరికా ఇమ్మిగ్రేషన్ అక్కడే అయిపోను!"

టిక్కెట్టు కొన్నాక ఆ చివరి ముక్క దేనికో ఎవరికీ అర్థం కాలేదు.

విమానం తెల్లవారి నాలుగింటికి. రాత్రి తొమ్మిదికే కారెక్కమన్నారు. ఇదేం తొందరంటే, "మనది ఊరికి ఉత్తరం కొస, శంషాబాద్ దక్షిణం కొస. బేగంపేట నుంచి ఎగిరినన్నాళ్లూ ఈ తంటా లేదు. 2008 మార్చి 23తో ఆ భోగం పోయింది. రాష్ట్రపతికేం, హకీంపేటలో దిగి మన బొల్లారం నిలయానికి చిటికెలో వచ్చేస్తారు. మనకి ఆ యోగం ఉందా?" అన్నారు.

ఇన్ని సంగతులు తెలిసిన మనిషి ఎన్నిసార్లు వెళ్లొచ్చారో అనుకున్నాను. ఒక్కసారేనట. ఆ సంగతి వాళ్లావిడ చెప్పింది, చిక్కుళ్లు ఈనెలు తీస్తూ.

"ఆయన కాలు కింద పెడితేగా! మోకాళ్ల నొప్పులని మా అబ్బాయి ముందే వీల్‌చెయిర్ రాయించాడు. ఆయన దర్జాగా కూర్చుంటే ఎవరో తోసుకెళ్లారు. ఒళ్లో బ్యాగు కూడా పెట్టుకోలేదు, బరువని. నాలుగు బ్యాగులతో వెనక పరిగెత్తింది నేను. గేటు మారిందని తెర మీద చూసి అరిచిందీ నేనే. ఎలుగుబంటి దగ్గర ఫొటో తీయమని ఆయన ఎంత బతిమాలినా తోసే అబ్బాయి ఆగలేదు."

కాబట్టి బొల్లారం ప్రయాణికులకు నా మనవి. బరువులూ నిబంధనలూ అంకుల్‌ని అడగండి, ఒక్కటీ తప్పు చెప్పరు. దారి మాత్రం ఆంటీని అడగండి. నడిచింది ఆవిడ.