దొంగ తప్ప అందరూ లేచారు!
కారుకు అలారం బిగించారు. లారీ వెళ్తే కూత, ఉరిమితే కూత, పిల్లి బానెట్ ఎక్కినా కూతే. షాక్ సెన్సర్‌కు సున్నితత్వం తగ్గించే బుల్లి స్క్రూ ఉంటుందని చెప్పే తీరిక ఫిట్టర్‌కు లేదు. ఇప్పుడు నిజంగా అద్దం పగిలినా అపార్ట్‌మెంట్‌లో ఒక్క కిటికీ తెరుచుకోదు.

దూరం నుంచే ఇంజిన్‌ను లేపే రిమోట్ స్టార్ట్ మహిమ వేరు. న్యూట్రల్ చూసుకునే ఏర్పాటు లేకుండా బిగిస్తే, గేర్లో వదిలిన కారు బటన్ నొక్కగానే గోడను గుద్దుతుంది. ఇక తాళంలో చిప్ లేనిదే ఇంజిన్‌ను నడవనివ్వని ఇమ్మొబిలైజర్ సంగతి. తాళం పెట్టకుండా రిమోట్‌తో స్టార్ట్ చేయాలంటే దాన్ని ఏమార్చాలి కదా, అందుకని కొన్ని రిమోట్ స్టార్ట్ కిట్లలో రెండో తాళం చిప్‌ను డ్యాష్‌బోర్డు కిందే దాచేస్తారు! దొంగ భయంతో వేలు పోసి, తాళం కారులోనే పెట్టిస్తున్నాం. పాపం, పెట్రోలు ఖర్చొక్కటే దొంగగారిది.