క్రషర్ వద్దన్న రాయి

గోదావరికి పడమటి వైపు, దేవరపల్లి మండలం గౌరీపట్నంలో, ఒక పాత క్వారీ అంచున పడి ఉన్న నల్లరాయిని నేను. నా అడుగున అరచేతి మందాన సున్నపురాయి అతుక్కుని ఉంది. అందులో గుల్లలున్నాయి. ఆ గుల్లల మూలంగానే నన్ను క్రషర్లో వెయ్యకుండా అవతలికి దొర్లించేశారు.

నేను ఒకప్పటి లావాను. ఆ మాటంటే ఈ చుట్టుపక్కల ఎవరూ నమ్మరు. “ఇక్కడ అగ్నిపర్వతం ఎక్కడుంది?” అంటారు. వాళ్ళ తప్పు లేదు. అగ్నిపర్వతం అనగానే అందరికీ గుర్తొచ్చేది ఒక్కటే బొమ్మ: కోసుగా లేచిన కొండ, నెత్తిన గుంట, అందులోంచి ఎగజిమ్మే మంట. స్కూలు ఎగ్జిబిషన్‌లో పిల్లలు బంకమట్టితో చేసేదీ అదే. లోపల వంటసోడా పోసి, వెనిగర్ వంపి, ఎర్రటి నురగ పొంగిస్తారు. జూల్ వెర్న్ 1864లోనే తన నవలలో పాత్రల్ని ఐస్‌లాండ్‌లో ఒక అగ్నిపర్వతం గుంటలోకి దించి, ఇటలీలో స్ట్రాంబోలీ నోట్లోంచి బయటికి తెచ్చాడు. 1997లో ‘డాంటేస్ పీక్’, ‘వల్కేనో’ అని ఒకే ఏడాది రెండు హాలీవుడ్ సినిమాలు వచ్చాయి. వీటన్నిటికన్నా క్రకటోవా అనే అగ్నిపర్వతానికి జరిగిన అన్యాయం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. 1883లో అది పేలినప్పుడు 36 వేల మందికి పైగా పోయారు, అందులో ఎక్కువమంది సముద్రం తమ మీద విరుచుకుపడి పోయినవాళ్ళే. తర్వాత దాని మీద సినిమా తీసినవాళ్ళు పేరులోనే ‘ఈస్ట్ ఆఫ్ జావా’ అని పెట్టారు. క్రకటోవా ఉన్నది జావాకు పడమట. అంతమంది పోయిన చోటు ఏ దిక్కునుందో సరిచూసుకునే ఓపిక కూడా లేకపోయింది.

నన్ను కన్నది కొండ కాదు, నేల పగుళ్ళు. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట, ఇప్పుడు పడమటి కనుమలు అంటున్న చోట భూమి చీలి, ఆ చీలికల పొడవునా లావా పైకొచ్చింది. ఒకసారి కాదు, లక్షల ఏళ్ళపాటు విడతలు విడతలుగా, పొర మీద పొరగా. ఇన్ని కోట్ల ఏళ్ళ వానలకు అరిగిపోగా ఈనాటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల నేల మీద మా వాళ్ళున్నారు. ఎల్లోరాలో కైలాసం తొలిచింది మా వాళ్ళలోనే. ఆదిలాబాద్, వికారాబాద్ వైపు పత్తి పండిస్తున్న నల్లరేగడి మా వాళ్ళు చివికి అయిన మట్టే.

కానీ అక్కడి నుంచి నడిచి తూర్పు సముద్రాన్ని చూసింది ఈ గోదావరి వైపున్న మేమే. పాత నదుల లోయలు పట్టుకుని తూర్పుకు సుమారు 1,000 కిలోమీటర్లు వచ్చాం. అంత దూరం గడ్డకట్టకుండా ఎలా వచ్చారని అడగొచ్చు. పాల మీద మీగడలా లావా పైన తోలు కడుతుంది. ఆ తోలు వేడిని బయటికి పోనివ్వదు. లోపల వెయ్యి డిగ్రీలు దాటిన ద్రవం దాని చాటున ముందుకు పాకుతూనే ఉంటుంది. వచ్చిన దారిలో ఆఖరి 400 కిలోమీటర్ల మేర ఇప్పుడు మా ఆనవాలు లేదు. అందుకే మేం ఇక్కడే పుట్టామేమోనని చాలాకాలం అనుమానించారు. రసాయన కూర్పు, రాతిలో నిలిచిపోయిన అయస్కాంత దిశ పోల్చి చూశాక, మహాబలేశ్వరం కొండల్లోని పొరలతో మా చుట్టరికం తేలింది. భూమ్మీద తెలిసినవాటిలో అన్నిటికన్నా పొడవైన లావా ప్రవాహాలు ఇవే కావచ్చని 2008లో శాస్త్రజ్ఞులు రాశారు. నా బతుకులో నేను గర్వపడే సంగతి అదొక్కటే.

క్వారీ గోడను ఒకసారి దగ్గరికొచ్చి చూడండి. కింద నల్లటి లావా, మధ్యలో పాలిపోయిన పట్టీ, దాని మీద మళ్ళీ నల్లటి లావా. నేను పైదాని అడుగు భాగాన్ని. కిందిదానిలో అయస్కాంత దిశ తిరగబడి ఉంటుంది, నాలో ఇప్పటి దిక్సూచి తీరునే ఉంటుంది. అంటే ఆ లావా చల్లారాక, నేను వచ్చేలోగా, భూమి ధ్రువాలే తారుమారయ్యాయి. ఆ మధ్యకాలంలో ఇక్కడ నది సముద్రంలో కలిసేది. ఆల్చిప్పలు, నత్తలు, కంటికి ఆనని సముద్రజీవులు ఆ బురదలో బతికాయి. డైనోసార్లు అంతరించాక మళ్ళీ మొలకెత్తిన తొలి ప్రాణుల్లో అవీ ఉన్నాయి. నేను వచ్చి వాటిని కప్పేశాను. నా వేడికి కాలి అతుక్కున్న ఆ బురదే ఇప్పుడు నా అడుగున ఉంది.

డైనోసార్లను చంపింది మెక్సికోలో పడ్డ ఉల్కేనా, మా పొగకూ అందులో పాలుందా అన్న వాదన ఇంకా తెగలేదు. మా పొగ ఏం చెయ్యగలదో చెప్పడానికి ఐస్‌లాండ్‌లోని లాకీ చాలు. 1783లో అక్కడ సుమారు 27 కిలోమీటర్ల పొడవున నేల చీలి ఎనిమిది నెలలు లావా పారింది. మనుషుల ప్రాణం తీసింది నిప్పు కాదు. విషవాయువులు గడ్డిని పట్టాయి, గడ్డి మేసిన గొర్రెలూ పశువులూ చచ్చాయి, తర్వాత వచ్చిన కరువులో ఆ దేశపు జనంలో అయిదో వంతు పోయారు. ఈ చావులో పేలుడు లేదు కనుక కాబోలు, సినిమాల వాళ్ళు ఇటు చూడలేదు.

ఒక టిప్పర్ కుర్రాడు మధ్యాహ్నం క్యారేజీ తిని నా మీద కూర్చుని ఫోన్లో సినిమా చూసేవాడు. 2018లో వచ్చిన ‘జురాసిక్ వరల్డ్’ బొమ్మ. అందులో కొండ పేలుతుంది, రాక్షసబల్లులు పరుగెడతాయి. కళ్ళార్పకుండా చూసేవాడు. తాను కూర్చున్నది లావా మీదేనని, కాలి కింద ఆ బల్లుల తర్వాతి లోకం ఉందని అతనికి ఒక్కరు చెప్పి ఉంటే బాగుండేది. చెప్పేవాళ్ళు లేరు.

నన్ను పేల్చిన రోజు సంగతి. రాతిలో రంధ్రాలు తొలిచి, జిలెటిన్ కూరి, సైరన్ వేశారు. నా తోటివాళ్ళంతా టిప్పర్లెక్కి వెళ్ళి 20 ఎం.ఎం., 40 ఎం.ఎం. కంకరై రోడ్ల కిందికి, శ్లాబుల్లోకి చేరారు. అదీ ఒక గౌరవమే, మనుషుల బరువు మోస్తున్నారు. నా దగ్గరికొచ్చేసరికి మేస్త్రీ తిరగేసి చూసి, “మట్టి పట్టిన రాయిరా ఇది, పక్కన పడెయ్” అన్నాడు. మట్టి కాదయ్యా, సముద్రం. ఆ పాలిపోయిన పట్టీ మొత్తాన్నీ అలాగే పొక్లెయిన్‌తో గీరి గుంటలోకి తోసేశారు. ప్రతి వానకీ మట్టి కరిగి గుల్లలు బయటపడుతున్నాయి. మేకలు తొక్కుతున్నాయి. తాగి పడేసిన సీసాల మధ్య ఆల్చిప్పలు పిండవుతున్నాయి.

తిరుమల శిలాతోరణాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించి కాపాడుతున్నారు. మా క్వారీలో కూడా రెండు లావాలూ మధ్యన పట్టీ కనిపించే గోడ ఇంకా కొంచెం మిగిలి ఉంది. దానికి కూడా డ్రిల్లింగ్ గుర్తులు పెట్టకముందే ఒక కంచె వెయ్యండి. తెలుగులో ఒక బోర్డు పెట్టండి. ఈ రాయి పడమటి కనుమల నుంచి నడిచొచ్చిందని, ఇక్కడ సముద్రం ఉండేదని, ఆ టిప్పర్ కుర్రాడు చదువుకునేంత పెద్ద అక్షరాలతో రాయండి.