తాలింఖానా వీరుడు, ఐదో లెవెలు

రూల్సుబాబుని గుర్తుపట్టడం తేలిక. పెళ్లి బంతిలో అందరూ పనసపొట్టు కూర బాగోగులు మాట్లాడుకుంటుంటే, వీడు అరిటాకు అంచున వేలితో లెక్కలు కడుతుంటాడు. అమలాపురంలో మేడమీద గదిలో కూర్చుని హైదరాబాదు కంపెనీకి పనిచేస్తాడు. కంపెనీ పని అయ్యాక అసలు ఉద్యోగం మొదలవుతుంది: పాచికలు వేస్తూ కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకి సొంతంగా ఒక యోధుణ్ణి తయారుచెయ్యడం.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఆ ఆటని అచ్చువేసినప్పుడు అందులో క్లాసులు, అంటే పాత్రల రకాలు, మూడే. యోధుడు, మంత్రగాడు, పూజారి. యోధుడికి అన్యాయం అప్పుడే మొదలైందంటాడు వీడు.

"ఐదో లెవెల్లో మంత్రగాడికి ఫైర్‌బాల్ వస్తుంది మావయ్యా. ఎనిమిది పాచికలు, సగటున 28 దెబ్బ, చుట్టూ 20 అడుగులు మాడి మసి. మనవాడికేమో ఇంకోసారి కొట్టే ఛాన్సు. కొడతాడు, మళ్లీ కొడతాడు. అంతే!"

ఈ మాట చెప్పేటప్పుడు, పంపకాల్లో చవుడునేల వచ్చిన తమ్ముడిలా అయిపోతాడు.

దసరాకి అమలాపురంలో చెడీ తాలింఖానా చూసి ఊరంతా ఈలలేస్తే వీడు నోట్సు రాసుకున్నాడు. వాహనాల ముందు కుర్రాళ్లు కర్రలు తిప్పుతారు, కత్తులు ఝళిపిస్తారు, కళ్లకు గంతలు కట్టుకుని పడుకున్న మనిషి మీద కాయలు నరుకుతారు. అసలు ఆటలో కళ్లు కనపడనివాడు రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి. వీడు దాన్ని తిరగేసి, గంతలు కడితే ఎక్కువది తీసుకోవచ్చని రాసి, సాము నేర్పే పెద్దాయనకి చూపించాడు.

ఆయన కళ్లజోడు సర్దుకుని చదివి, "బానే ఉంది గానీ బాబూ, కింద పడుకున్నోడిది ఏ క్లాసండి?" అన్నారు.

రెండ్రోజులు అన్నం సయించలేదు వాడికి.

కర్రతోనూ చిక్కే. రెండు చేతులా పట్టుకుంటే ఎనిమిది ముఖాల పాచిక, సగటు నాలుగున్నర. పెద్దకత్తికి ఏడు, రెండు దెబ్బలకి పద్నాలుగు. కర్రకి నాలుగు దెబ్బలిస్తే పద్దెనిమిది. మరీ ఎక్కువ, బావ ఊరుకోడు. (బావ ఎప్పుడూ మంత్రగాడే. ఇంటికొచ్చిన అల్లుడు, కాదనేదెవరు?) అయినా, నా లెక్కన అంకెలు సర్దడం పెద్ద పని కాదు. బుర్రున్న శత్రువెవడైనా వెనకున్న బక్క మంత్రగాణ్ణి వదిలి, ఇనపచొక్కా వేసుకున్నవాణ్ణి ఎందుకు కొడతాడు? అదీ అసలు ప్రశ్న.

దానికి మాత్రం వీడు పుట్టిన గడ్డ అక్కరకొచ్చింది. వెటకారం! రూలు ఇదీ: శత్రువుని మర్యాదగా పలకరించాలి. వాడు నిబ్బరం పాచిక వెయ్యాలి. ఓడాడా, నిన్ను తప్ప ఇంకెవర్ని కొట్టబోయినా చెయ్యి తడబడుతుంది. ఇది రెండుసార్లే. ఆ తర్వాత టీ తాగేదాకా నోరు లేవదు. అసలు ఆటలోనూ యోధుడికి రెచ్చగొట్టే విద్య ఒకటుంది గానీ, అందులో "అండి" లేదు.

ఆదివారం అరుగు మీద పరీక్ష. ఆట నడిపేదీ, శత్రువు గోబ్లిన్ తరఫున మాట్లాడేదీ భీమవరం స్నేహితుడు.

"ఏవండీ గోబ్లిన్ గారూ, ఆ కత్తి తమరిదేనా, బొండాల బండి దగ్గర అద్దెకి తెచ్చారా?"

"అద్దేనండి. తమరి తలకాయకి సొంత కత్తి దండగన్నారండి మావోళ్లు."

వీరుడు ఇంకోటి విసిరాడు. గోబ్లిన్ పాచిక మళ్లీ నెగ్గింది. "అయిపోయాయాండి? టీ తాగి రండి, నేనెక్కడికీ పోను."

దెబ్బ పడకుండానే అరగంట గడిచింది. బావ ఆవులించి, పకోడీ నోట్లో వేసుకుని, ఇద్దరి మీదా కలిపి ఫైర్‌బాల్ విసిరాడు. గోబ్లిన్ బూడిద. వీరుడికి మీసం కాలింది.

రూల్సుబాబు అదేం పట్టించుకోలేదు. కాగితాలు తిరగేస్తూ, "గోబ్లిన్‌కి వెటకారం ఏ రూలు ప్రకారం వచ్చిందిరా?" అన్నాడు.

"వాడిది మా ఊరేరా."