కృష్ణానగర్ వైపు వాలిన గుండును

జూబ్లీహిల్స్ వాలులో, కృష్ణానగర్ సందులవైపు ముఖం పెట్టి ఉన్న గ్రానైట్ గుండును నేను. నాకు పేరు లేదు. హైదరాబాద్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. నా వయసూ అంతే. భూమి లోపల కరిగి ఉన్న రాతి ద్రవం మెల్లగా చల్లారి గట్టిపడినప్పుడు నేనొక పెద్ద దిమ్మెలో భాగాన్ని. పైపొరలు కోసుకుపోయి బరువు తగ్గేకొద్దీ ఆ దిమ్మె నిలువునా అడ్డంగా నెర్రెలిచ్చింది. నెర్రెల్లోకి దిగిన నీరు చదును ముఖాలను ఒక్క వైపు నుంచే తింటుంది, మూలలను మాత్రం రెండు మూడు వైపుల నుంచి తింటుంది. అందుకే మూలలు ముందు అరిగి గుండ్రనయ్యాం. ఇదంతా మట్టి కిందే జరిగింది. ఆ తర్వాత వానలు మట్టిని కడిగేస్తే, ఎవరో ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు బయటపడ్డాం. చెట్టును కొట్టినవాళ్ళు మరో మొక్క నాటామని చెప్పుకోవచ్చు, అది సరిపోయే జవాబు కాకపోయినా. ఇన్నేళ్ళకు తయారైన గుండును పగలగొట్టినవాళ్ళకు ఆ జవాబు కూడా లేదు.

నాలాంటివాటి తరఫున మాట్లాడినవాళ్ళు లేకపోలేదు. 1996లో హైదరాబాద్‌లో సొసైటీ టు సేవ్ రాక్స్ పుట్టింది. ఐఏఎస్ అధికారిగా పనిచేసిన చరిత్రకారుడు నరేంద్ర లూథర్, జర్మనీ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఫ్రౌకే ఖాదర్ వంటివారు దాన్ని నడిపారు. జనాన్ని బండల మధ్య నడిపించారు, అధికారుల చుట్టూ తిరిగారు. వాళ్ళ పట్టుదల వల్లే 1981 నాటి హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) నిబంధనల్లోని 13వ నిబంధన కింద తొమ్మిది శిలాకృతులు వారసత్వ జాబితాకెక్కాయి. ఫిల్మ్‌నగర్ దగ్గరి మాన్‌స్టర్ రాక్, జూబ్లీహిల్స్‌లోని ఒబెలిస్క్, బ్లూ క్రాస్ పక్కనున్న టోడ్‌స్టూల్, శిల్పారామంలోని బేర్స్ నోస్, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని మష్రూమ్ రాక్ వాటిలో ఉన్నాయి. రాతికి కూడా వారసత్వ గౌరవం దక్కడం ఈ నగరానికి గొప్ప విషయం. అయితే ఇన్ని గుట్టలున్న చోట తొమ్మిదంటే, చూడగానే ముచ్చటగొలిపే ఆకారాలు మాత్రమే. ఆ 13వ నిబంధనను కూడా ప్రభుత్వం 2015 డిసెంబరులో తొలగించింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 13వ నిబంధన కథ చెప్పేది మాత్రం ఒకటే: ఒక జీవో ఇచ్చిన రక్షణను ఇంకో జీవో తీసేయగలదు. జాబితాలో లేని నాలాంటి మామూలు గుండుకైతే ఆ పాటి నీడ కూడా లేదు. చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి అడగాలి. ప్లాటులోని గుండును తీసేయాలంటే మాత్రం అనుమతి ప్రశ్న చాలావరకు పేలుడు మందు వాడకం దగ్గరే ఆగిపోతుంది. గుండు ఉండాలా వద్దా అన్న ప్రశ్న దాకా రాదు.

అందుకే నేను చెప్పదలచింది ఇది: ఈ గుట్ట మిగలాల్సిన అవసరం గుట్ట మీద ఉన్నవాళ్ళకంటే గుట్ట కింద ఉన్నవాళ్ళకే ఎక్కువ. కాపాడే పని వాళ్ళ చేతికి రానంతకాలం అది సగం పనే. గట్టి వాన పడిన సాయంత్రం కృష్ణానగర్ ఎలా ఉంటుందో నగరమంతా టీవీల్లో చూసింది. పైనుంచి దూకే నీళ్ళు సందుల్లోకి జొరబడతాయి, ఆపి ఉంచిన బైకులు కొట్టుకుపోతాయి, సెల్లార్లు, కింది అంతస్తు గదులు మునుగుతాయి. ఆ గదుల్లో ఉండేది జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, అసిస్టెంట్ డైరెక్టర్లు, వేషం కోసం వచ్చి అద్దె పంచుకునే కుర్రాళ్ళు. మురుగు కాలువ ఇరుకని, పూడిక తీయలేదని వాళ్ళంటారు, అది నిజమే. కానీ ఎంత నీరు వచ్చిందన్నది ఎంత ప్రశ్నో, ఎంత వేగంగా వచ్చిందన్నదీ అంతే ప్రశ్న. ఆ వేగం తేలేది పైన, మా దగ్గరే.

రాయి నీరు పీలుస్తుందా అని అడుగుతారు. పీల్చదు. నా ఒంటి మీద పడ్డ చినుకు జారిపోవాల్సిందే. కాకపోతే నేనున్న చోట నేనొక్కదాన్నే ఉండను. నా కింద అరిగి పొడైన మొరం ఉంది, పక్కన మట్టి నిండిన నెర్రె ఉంది, ఆ నెర్రెలో సీతాఫలం మొక్క వేరు దించింది. పరుపు బండ మీద గుంట ఉంటే వాన వెలిశాక కూడా నీరు నిలుస్తుంది. ఎండ కాస్తే రాతి తొండ అక్కడికే వస్తుంది. నా మీంచి జారిన నీరు ఆ మొరంలో కొంత ఇంకి, గుండ్ల మధ్య వంకర తిరిగి, ఆగి ఆగి కిందికి పోతుంది. గుండు తీసేవాళ్ళు గుండుతో సరిపెట్టరు. సెల్లారు కోసం మొరం కూడా తవ్వేస్తారు, ఆ పైన ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సిమెంటు పోస్తారు. అప్పుడు చినుకు నేరుగా రోడ్డెక్కుతుంది, రోడ్డు దాన్ని కాలువకంటే ముందే సందులోకి తెస్తుంది. కుండపోత వానను గుండ్లు ఆపేస్తాయని నేననను. ఒక్కసారిగా మీద పడే నీళ్ళను కాస్త విడతలుగా పంపిస్తాయి, మొదటి అరగంటలో ఒక్కోసారి ఆ తేడాయే గది మునగడానికీ మునగకపోవడానికీ మధ్య ఉండవచ్చు.

ఇంకో అభ్యంతరం బరువైనది. ఊరు పెరుగుతోంది, మనుషులకు ఇళ్ళు కావాలి, రాళ్ళ కోసం మనుషులను ఆపుతారా? ఇల్లు కట్టొద్దని ఎవరూ అనలేదు. నరేంద్ర లూథరే బంజారాహిల్స్‌లో తన ఇంటిని బండల చుట్టూ కట్టుకున్నారు; బండ ఆ ఇంటి లోపలే ఉండిపోయింది. స్థలం మొత్తాన్ని చదును చేయకుండా కట్టడం సాధ్యమేనని ఆ ఇల్లే చూపించింది. ఇంకో మాట కూడా ఉంది. ఈ వాలులో గుండ్లు పగిలి లేస్తున్నవన్నీ నిలువ నీడ లేనివాళ్ళ కోసం కడుతున్న ఇళ్ళు కావు. ఇల్లు లేనివాడి పేరు చెప్పి గుట్టను చదును చేసి, ఆ నీళ్ళను అద్దె గదిలో ఉన్నవాడి మీదికి వదలడం న్యాయమనిపించుకోదు.

తెల్లారకముందే షూటింగ్‌కు పోయి అర్ధరాత్రి తిరిగొచ్చేవాళ్ళకు ఉద్యమాలకు తీరికెక్కడిది? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేను. రోజు కూలీ పోగొట్టుకుని ధర్నాకు రమ్మనడం అన్యాయం. అయితే ఇటీవలి పోరాటాలను చూస్తే, నిలబడినవి ఆ చోటును రోజూ వాడుకునేవాళ్ళు, దాన్ని వివరంగా ఎరిగినవాళ్ళు నడిపినవే. 2016లో కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టబోయినప్పుడు చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డవాళ్ళలో అక్కడ రోజూ నడిచేవాళ్ళున్నారు. మాట గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది, అప్పటికి పని ఆగింది. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో బుల్‌డోజర్లు దిగినప్పుడు జింకలను, నెమళ్ళను, బండలను ముందే ఎరిగిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఆ ఫోటోలను, వీడియోలను దేశం ముందు పెట్టారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంత తానే కలగజేసుకుని పనులు ఆపించింది. అప్పటికే సుమారు 100 ఎకరాలు చదునైపోయింది. కోర్టు ఎంత త్వరగా కదిలినా యంత్రం అంతకంటే ముందుంటుందని ఆ 100 ఎకరాలు చెబుతున్నాయి.

కనుక ముందే తెలియాలి, ముందే రాసి ఉంచాలి. ఆ పనికి కృష్ణానగర్‌కంటే తగిన బస్తీ ఇంకోటి లేదని నా నమ్మకం. కెమెరా ఎక్కడ పెడితే ఏం కనిపిస్తుందో తెలిసినవాళ్ళు, సీన్ నంబరుతో సహా కంటిన్యూటీ రాసుకోవడం అలవాటైనవాళ్ళు ఇక్కడ సందుకొకరున్నారు. వాన మొదలైన క్షణం నుంచి తమ సందులోకి నీళ్ళు ఏ మలుపు నుంచి, ఎన్ని నిమిషాలకు వచ్చాయో, గడప దగ్గర ఎంత ఎత్తు లేచాయో ఫోనులో తీసి తేదీ, టైముతో దాచితే రెండు వానాకాలాల్లో ఏ ఇంజనీరూ కాదనలేని రికార్డు తయారవుతుంది. వానలు లేనప్పుడు, పని లేని ఒక ఆదివారం పైకొచ్చి మిగిలిన గుండ్లను, ఖాళీ ప్లాట్లను ఫోటో తీసుకోవచ్చు. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల దరఖాస్తుతో ఆ ప్లాటుకిచ్చిన అనుమతి, ఆమోదించిన ప్లాను, అందులో చూపిన ఇంకుడు గుంత వివరాలు అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్లానులో ఉన్న ఇంకుడు గుంత నేల మీద లేకపోతే ఆ కాగితం, ఈ వీడియో కలిపి సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వవచ్చు. ఒక్కడే పోతే అర్జీ. సందు మొత్తం సంతకం చేసి, సినీ కార్మికుల యూనియన్ లెటర్‌హెడ్ జతచేసి ఇస్తే దాని బరువు వేరు. పైన ఉండేవాళ్ళలో బండల మీద ప్రేమ ఉన్నవాళ్ళు, వకీళ్ళు ఉన్నారు, కింద నష్టపోయినవాళ్ళున్నారు. ఈ ఇద్దరూ ఒకే అర్జీ మీద సంతకం పెట్టడం మాత్రం ఇంకా అలవాటు కావాలి.

గుండును తీసే పని ఒక్కరోజులో అయిపోదు. ముందు చుట్టూ రేకులు కడతారు, తర్వాత కంప్రెసర్ దిగుతుంది, బండ మీద జానెడు ఎడంగా వరసగా రంధ్రాలు వేస్తారు. పేలుడు వద్దనుకుంటే ఆ రంధ్రాల్లో ఉబ్బే మందు పోస్తారు. తెల్లారేసరికి బండ గీత గీసినట్టు చీలి ఉంటుంది. రేకులు కట్టడానికీ మొదటి రంధ్రానికీ మధ్య కొన్ని రోజులు ఉంటాయి. అనుమతి కాగితం చూపించమని, ప్లానులో గుండ్లు ఉంచిన చోటెక్కడని, వాన నీరు ఎటు పోతుందని అడగాల్సింది ఆ రోజుల్లోనే.